లిఫ్టు గొంతు

జూన్ 2

డైరెక్టర్ ఈరోజు మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఆయన తీస్తున్నది పిల్లల బొమ్మల సినిమా. పాడుబడిన ఆఫీసు భవనంలో ఒక పాత లిఫ్టు ఉంటుంది, అది ఎక్కిన పిల్లల్నల్లా మింగేస్తుంది. ఆ లిఫ్టు మాట్లాడాలట.

"మాట్లాడాలి, కానీ మాటలుండకూడదు. తిడుతోందని తెలియాలి, ఏం తిడుతోందో తెలియకూడదు. అర్థమైందా మేడమ్?" అన్నాడు.

"నాకర్థమైంది. మీకే ఇంకా అర్థమైనట్టు లేదు" అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

ముందు మా అక్కను అడుగుదామనుకున్నాడట. దయ్యాలకు, రాక్షసులకు, గయ్యాళి వదినలకు గొంతు కావాలంటే డబ్బింగ్ వాళ్ళంతా పరిగెత్తేది మా అక్క దగ్గరికే. తర్వాత, అసలు మనిషి గొంతే వద్దనుకున్నాడట. ఆ ఒక్క ముక్కకు ఒప్పేసుకున్నాను. టీ కూడా ఇచ్చాను.

ఎందుకు ఒప్పుకున్నానో ఇక్కడైనా నిజం రాసుకోవాలి. రెండేళ్ళ కిందట డబ్బింగ్ థియేటర్లో, అందరి ముందూ, అక్క నా గురించి అంది: "దానికి గొంతు లేదు. అందుకే మీటలు నొక్కుకుని బతుకుతోంది." అక్కడున్న వాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

సరే, మీటలే నొక్కుతాను. మీటలతోనే గొంతు చేస్తాను. వినమనండి.

జూన్ 3

మనిషి గొంతులో నిజానికి ఉండేది వట్టి మోత. దాన్ని 'ఆ'గానో 'ఈ'గానో మలిచేది నోరు. కంప్యూటర్లోనూ అంతే. ముందు రంపం కోస్తున్నట్టుండే ముతక మోత ఒకటి పెడతాను. దాని మీద ఫిల్టర్ వేస్తాను. తెర మీద మూడు గుట్టలు లేస్తాయి. మొదటి రెండూ మధ్యలో దగ్గరదగ్గరగా ఉంటే 'ఆ'. ఒకటి ఎడమ చివరికి పోయి, రెండోది కుడివైపు దూరంగా జరిగితే 'ఈ'. రెండూ ఎడమకే జారితే 'ఊ'. మూడో గుట్ట ఊరికే, మెరుపు కోసం.

ఇప్పటి వాళ్ళు ఏ గుట్ట ఎక్కడుండాలో పట్టిక చూసి అంకెలు కొట్టేస్తారు. అందుకే వాళ్ళ యంత్రాలన్నీ ఒకేలా అరుస్తాయి, బాతుల్లా. నేను అంకెలు చూడను. కళ్ళు మూసుకుని మీట తిప్పుతాను. చెవికి 'ఆ' అనిపించిన చోట చెయ్యి ఆపుతాను. నా పని పద్ధతి ఇదీ. నాకు చెవి ఉంది. గొంతు లేకపోతే పోయింది.

రోజంతా కూర్చుంటే సాయంత్రానికి తయారైంది బాతే.

జూన్ 5

'ఆ' వచ్చింది!

పొద్దున్నే, కాఫీ కూడా తాగకుండా మీట తిప్పుతున్నాను. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట చెయ్యి దానంతటదే ఆగింది. స్పీకర్లోంచి పెద్దగా, నిండుగా, "ఆ" అంది. వీపు మీద వెంట్రుకలు లేచాయి.

పక్క గదిలోంచి అమ్మ కేకేసింది. "అక్క వచ్చిందా?"

"లేదు. లిఫ్టు!" అని అరిచాను.

"లిఫ్టా? మనకి లిఫ్టెక్కడిదే? ఉన్నదే ఒక అంతస్తు!"

అమ్మకు ఈ మధ్య చెవుడు బాగా ముదిరింది. చూపించాలి.

జూన్ 6

'ఈ' రాలేదు. బాతు.

జూన్ 7

'ఈ' వచ్చింది. 'ఊ' కూడా. శబ్దం మారుమోగకుండా గోడలకు అంటించిన స్పాంజి ఊడిపోతోంది, అది అంటించేవాడికి ఫోన్ చేస్తే ఎత్తడు. లోకంలో ఎవడికీ పని చెయ్యాలని లేదు.

జూన్ 8

అచ్చులు వస్తే సరిపోదు. లిఫ్టు తిట్టాలి. ఉట్టి 'ఏ' అంటే ఎవరికి భయం? మనం పిల్లల్ని "ఏయ్!" అని గదమాయిస్తే ఆ 'ఏ' అక్కడే ఉండదు, చివర్లో 'ఈ' వైపు జారుతుంది. ఆ జారుడును తెర మీద గీతలా చేత్తో గీశాను. మొదటిసారి గీసినది మరీ నెమ్మదిగా వచ్చింది, బతిమాలుతున్నట్టుంది. రెండోసారి మొదట కాస్త ఆగి, తర్వాత ఒక్కసారిగా జార్చాను. అమ్మో! కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

ఇంక "ఆఁ?" ఉంది. తప్పు చేసినవాణ్ణి పట్టుకుని "ఏం చేశావ్, ఆఁ?" అంటామే, అది. అది ముక్కులోంచి రావాలి. ఎంత తిప్పినా రాలేదు. చివరికి మొదటి గుట్ట పక్కన చిన్న గుంట తవ్వాను. వచ్చేసింది. గుంట తవ్వాలన్న ఆలోచన ఎలా తట్టిందో నాకే తెలియదు. తట్టింది, అంతే. పనిమంతులకు తడుతుంది.

మధ్యాహ్నమంతా అదే వాయించుకుంటూ కూర్చున్నాను. ఏయ్. ఆఁ? ఏయ్. ఆఁ? చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను.

అమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది. చేతులు తుడుచుకుంటూ చాలాసేపు విని, "దాని చేత ఎందుకే అట్లా తిట్టిస్తున్నావ్?" అంది.

"తిట్టడమేనమ్మా దాని పని."

అమ్మ నా మొహంలోకి చూసి వెళ్ళిపోయింది. లిఫ్టు మీద కూడా జాలిపడుతుంది ఈవిడ.

జూన్ 11

డైరెక్టర్‌కు వినిపించాను. "ఏయ్" దగ్గర కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు! "మేడమ్, చిన్నప్పుడు నన్నెవరో పట్టుకుని కడిగేసినట్టుంది. ఎవరో గుర్తురావడం లేదు గానీ" అన్నాడు. వెంటనే చిన్న ప్రచార వీడియో కట్ చేసి వదులుతాడట. లిఫ్టు తలుపులు మూసుకుంటాయి, చీకటి, "ఆఁ?" అంతే.

ఈ ఒక్కరోజు నేనెవరినీ తిట్టలేదు.

జూన్ 14

బావ వచ్చాడు. అక్క మొగుడు. రెండేళ్ళలో ఈయనే అప్పుడప్పుడూ వచ్చి అమ్మను చూసి పోతుంటాడు. ఎప్పుడూ రాగానే "ఏమ్మా మీటలమ్మా, ఏం నొక్కుతున్నావ్?" అని ఏడిపిస్తాడు. ఈరోజు ఏడిపించలేదు.

"మీ అక్క ఆ వీడియో చూసింది" అన్నాడు.

"చూడనివ్వండి. ఊరంతా చూస్తోంది."

"నువ్వు తన పాత రికార్డింగులు వాడావంటోంది. మీరిద్దరూ కొత్తలో ఇక్కడే కూర్చుని ఏవేవో రికార్డ్ చేసేవాళ్ళుగా, అవి కోసి అతికించావట. తీసెయ్యమంటోంది."

కడుపు మండిపోయింది. ఆ పాత హార్డ్ డిస్కు అలమరాలో పై అరలో పడి ఉంది, దాని మీద దుమ్ము చూపించాను. "ఇది చూస్తే ముట్టుకున్నట్టుందా బావా? నా లిఫ్టులో మనిషి గొంతు పిసరు కూడా లేదు. ఉన్నది మోత, మూడు ఫిల్టర్లు. అయినా ఈ మాట తను చెప్పొచ్చుగా? ఫోన్ చేస్తే ముత్యాలు రాలిపోతాయా?"

బావ టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. "చెయ్యదమ్మా" అన్నాడు.

"టెక్కు."

"టెక్కే అనుకో."

కప్పులో టీ అలాగే వదిలేసి వెళ్ళాడు.

జూన్ 15

అక్క నుంచి మెసేజ్. రెండేళ్ళలో మొదటిది. "సంఘంలో తేల్చుకుందాం."

డబ్బింగ్ కళాకారుల సంఘంలో ఫిర్యాదు పెట్టింది. నా మీద, సొంత చెల్లెలి మీద! సాయంత్రం డైరెక్టర్ భయపడుతూ ఫోన్ చేశాడు. నేను దొంగతనం చేశానని సంఘం తేలిస్తే, ఇంకే డబ్బింగ్ కళాకారులూ ఆ సినిమాకు పనిచెయ్యరట. "అప్పుడు లిఫ్టు గొంతు తీసేసి గంట పెట్టేస్తాం మేడమ్. టింగుమని" అన్నాడు.

టింగుమనట! ఇన్ని రోజుల పని టింగుమంటుందట! పైగా ఆ తర్వాత నా పేరు చెబితే ఏ స్టూడియోవాడైనా లోపలికి రానిస్తాడా? దొంగ అన్న పేరు ఒకసారి పడ్డాక ఎంత కడిగినా పోదు. అక్కకు కావలసింది కూడా అదే.

జూన్ 17

అమ్మ పొద్దున్న అక్క ఇంటికి వెళ్ళింది. రాజీ చెయ్యడానికి అనుకున్నాను. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండా అలాగే మంచం మీద కూర్చుంది.

"ఏమంది మహారాణి?"

"ఏమీ అనలేదే. దాని గొంతు బాలేదు."

"జలుబు చేసి ఉంటుంది."

"జలుబు కాదనుకుంటా."

"అయితే నాటకం. నోరు విప్పితే నాతో మాట్లాడాల్సి వస్తుందని."

"నీతో మాట్లాడకుండా ఇన్నాళ్ళూ హాయిగానే ఉందిగా. కొత్తగా నాటకమెందుకే?" అంది అమ్మ.

ఇంక వాదించలేదు. పనుంది.

జూన్ 18

ఊరికే, సరదాకి, లిఫ్టు గొంతు మార్చి చూశాను. ఎవరికో భయపడి కాదు. మూడో గుట్టను కొంచెం పక్కకు జరిపాను. వెంటనే లిఫ్టు ఎవరో తెలియని ఆవిడలా అయిపోయింది. బ్యాంకులో టోకెన్ నంబర్ పిలిచే ఆవిడలా. "ఏయ్" అంటే ఎవర్నో అంటున్నట్టుంది, నన్ను కాదు. ఇంకోవైపు జరిపితే మగగొంతయింది. కోపం ఎటో పోయింది.

తిరిగి ఎక్కడుండేదో అక్కడే పెట్టేశాను. పెట్టేటప్పుడు కూడా అంకె చూడలేదు, చూడక్కర్లేకపోయింది. ఇది నా పని. ఎవరికోసమో ఎందుకు మార్చాలి? మార్చను.

జూన్ 20

ఈరోజు సంఘంలో జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరికీ చూపించేది కాదు గనక దాచాల్సింది లేదు.

సంఘం హాలు అంటే పెద్ద గది, కీచుమనే ఫ్యాను, ఒక మూల విరిగిన ప్లాస్టిక్ కుర్చీల గుట్ట. అధ్యక్షుణ్ణి అందరూ పెద్దాయన అంటారు. ఒకప్పుడు రేడియోలో వార్తలు చదివేవాడు. పక్క గదిలో ఎవరు దగ్గినా పేరు చెప్పేస్తాడని ప్రతీతి. సంఘం సభ్యులు గోడవారగా కూర్చున్నారు. సగం మంది రెండేళ్ళ కిందట నన్ను చూసి నవ్వినవాళ్ళే.

అక్క కిటికీ దగ్గర కూర్చుంది. ఈ ఉక్కలో మెడ చుట్టూ శాలువా. వేషాలకేం తక్కువ లేదు అనుకున్నాను. చిక్కిపోయింది. నావైపు చూడలేదు, నేనూ చూడలేదు. చూడలేదంటూనే ఇవన్నీ ఎలా రాస్తున్నానో.

బావ లేచి, "మా ఆవిడ తరఫున నేను చెబుతానండీ" అన్నాడు.

"ఆవిడకేం, నోరుందిగా? దేశంలో ఉన్న రాక్షసులందరికీ అరువిచ్చింది" అన్నాడు పెద్దాయన. గోడవారగా ఉన్నవాళ్ళు నవ్వారు. బావ నవ్వలేదు.

ముందు వీడియో వేశారు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. "ఏయ్. ఆఁ?"

హాల్లో తలలన్నీ ఒక్కసారే అక్క వైపు తిరిగాయి. పెద్దాయన తల కూడా. నా చెవులు వేడెక్కిపోయాయి. నేను లేచి, "తలలు తిప్పడం సాక్ష్యం కాదండీ. ఇందులో రికార్డింగ్ లేదు. మీ కళ్ళ ముందే మొదటి నుంచి చేసి చూపిస్తాను" అన్నాను.

వెంట తెచ్చుకున్న కంప్యూటర్‌కు మీటల పెట్టె తగిలించి, ఖాళీ ఫైలు తెరిచాను. తెర అందరివైపు తిప్పాను. ముతక మోత పెడితే కొందరు చెవులు మూసుకున్నారు. "ఇదీ నా ముడిసరుకు. ఇది ఎవరి గొంతో చెప్పండి" అన్నాను. ఫిల్టర్ వేశాను. మూడు గుట్టలు లేచాయి. కళ్ళు మూసుకున్నాను.

ఎన్నిసార్లో చేసిన పనే. అయినా మీట కోసం తడుముకున్నాను. మొదటి మీట తిప్పాను, రెండోది తిప్పాను. బాతు. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకాస్త. గరగర. ఇంకొంచెం. చెయ్యి ఆగింది. "ఆ." హాల్లో నవ్వు ఆగిపోయింది. మూడోది తిప్పాను. 'ఏ' పట్టుకుని, కాస్త ఆపి, జార్చాను. "ఏయ్!" గుంట తవ్వాను. "ఆఁ?" వెనకనుంచి ఎవరో "వామ్మో" అన్నారు. కళ్ళు తెరిచాను. వీడియోలో ఉన్నదీ ఇదీ తేడా లేదు.

గెలిచాననుకుని పెద్దాయన వైపు చూశాను. ఆయన తెర చూడటం లేదు, నా చేతులు చూస్తున్నాడు.

"అమ్మాయీ, ఎక్కడ ఆపాలో నీకెలా తెలిసింది?"

"అక్కడ 'ఆ' వస్తుంది కాబట్టి."

"'ఆ' దానికి ముందూ వచ్చింది, తర్వాతా వచ్చేది. నా 'ఆ' ఒక రకం, వీళ్ళందరివీ తలా ఒక రకం. అన్నీ దాటి వచ్చి అక్కడే ఆపావు."

"అదే సరైన 'ఆ' అండీ."

"సరైనదని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నా చెవి" అన్నాను.

ఎందుకో అప్పుడు అక్క నాకు అక్షరాలు దిద్దించడం గుర్తొచ్చింది. అమ్మ పనికి పోయేది, అక్కే నేర్పేది. నా గడ్డం పట్టుకుని కిందికి లాగి, "నోరు ఇంకా తెరువే మొద్దూ, ఇలా, ఆ" అనేది. పలకలేకపోతే "ఏయ్" అనేది. దీనికీ దానికీ ఏమీ సంబంధం లేదు. గుర్తొచ్చింది గనక రాశాను.

పెద్దాయన అక్క వైపు తిరిగాడు. "నువ్వూ ఒకసారి అవే అనమ్మా. పక్కపక్కన పెట్టి విందాం."

బావ గాభరాగా లేచాడు. "వద్దండీ, డాక్టరు..." అక్క ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. శాలువా తీసి కుర్చీ మీద పెట్టింది. మైకు దగ్గరికి నడిచి వచ్చి, నిటారుగా, ఎప్పుడూ నిలబడేలాగే నిలబడింది. మైకుకు కాస్త పక్కగా, గడ్డం పైకెత్తి.

"ఏయ్" అంది.

సగం గాలి. మిగతా సగం గరుకు కాగితం రాసినట్టు. అక్క గొంతు నేను వినడం రెండేళ్ళలో అదే మొదలు. గొంతు సవరించుకుని "ఆఁ?" అనబోయింది. నోరు సరిగ్గా తెరుచుకుంది, పెదాలు సరిగ్గా కదిలాయి, గాలి వచ్చింది. అంతే. ఇంకోసారి ప్రయత్నించింది. అదీ రాలేదు. ఫ్యాను కీచుమంటోంది. గోడవార కూర్చున్నవాళ్ళు తల దించుకున్నారు. ఒకడు మాత్రం పక్కవాడితో, "దీనికీ దానికీ పోలికే లేదు" అన్నాడు. అందరికీ వినిపించింది.

పెద్దాయన ముందున్న కాగితం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత అన్నాడు: "రికార్డింగ్ వాడలేదని కళ్ళారా చూశాం. గొంతూ కలవడం లేదు. ఫిర్యాదు నిలవదు. ఒక్కటి అడుగుతానమ్మాయీ, నీ నోటితో చెప్పు. అది మీ అక్క గొంతేనా?"

"కాదండీ" అన్నాను.

రాసుకున్నాడు. అందరూ లేచారు.

మెట్ల దగ్గర బావ స్కూటర్ తేవడానికి వెళ్ళాడు. అక్క, నేను మిగిలాం. పోదామనుకున్నాను, పోలేదు. అక్కే మాట్లాడింది. ఒక్కో మాటా కష్టపడి తోసింది.

"నీకు గొంతు లేదన్నాను. ఇప్పుడు నాకూ లేదు. తృప్తిగా ఉందా?"

ఏదో అనాలని నోరు తెరిచాను. ఈలోగా స్కూటర్ వచ్చింది, అక్క ఎక్కి వెళ్ళిపోయింది.

జూన్ 21

గెలిచాను. డైరెక్టర్ పూలగుత్తి పంపాడు. అమ్మ దాన్ని నీళ్ళలో పెట్టలేదు.

జూన్ 22

గెలిచాను కదా.

జూన్ 23

బావకు ఫోన్ చేశాను. పనుండి చేశాను, అమ్మ మందుల గురించి. ఆయనే చెప్పాడు. ఏడాది దాటిందట. గొంతులో ఏదో పెరిగిందట, తీసేశారట. తీసేశాక పాత గొంతు ఇంక రాదన్నారట. నాతో చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట. వేషాలు ఒక్కొక్కటే పోయాయట. బొమ్మల సినిమాలో లిఫ్టు ఉందని తెలిసి, దయ్యం గొంతుకు గరగర ఉన్నా ఫర్వాలేదేమో అడుగుదామనుకుందట. ఈలోగా వీడియో చూసింది.

"వీడియో ఎన్నిసార్లు చూసిందో తెలుసా? తీసెయ్యమని నాతో చెబుతుంది, మళ్ళీ చూస్తుంది" అన్నాడు బావ.

"బావా, నాకు పనుంది" అని పెట్టేశాను.

టెక్కు అని రాశాను ఇక్కడ. నాటకం అని రాశాను. పేజీలు చింపుదామనుకున్నాను. చింపలేదు, ఉండనీ. చెప్పి ఉండొచ్చుగా? ఒక్క మెసేజ్ పెట్టి ఉండొచ్చుగా? అంత పొగరు ఎందుకు దానికి! రోజంతా దాని మీదే కోపంగా ఉంది. నా మీద అనుకోవడానికి ఇష్టం లేదు.

అది అక్క గొంతే. ఇరవై ఏళ్ళనాటిది. నాకు ఇంకో 'ఆ' తెలియదు.

జూన్ 25

ఆఖరి దృశ్యం. లిఫ్టును విప్పేస్తారు. అది మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోవాలి. "తిట్టాలి, కానీ పిల్లలు ఏడవాలి" అన్నాడు డైరెక్టర్. ఈయన కోరికలకు అంతులేదు.

మూడు రోజులుగా గీస్తున్నాను, చెరుపుతున్నాను. ఏం చేసినా తిడుతుంది, ఆగిపోతుంది. కరెంటు పోయినట్టుంది. ఎవరికీ ఏడుపు రాదు. తిట్టడం ఎలా ఆగిపోతుందో నేనెక్కడ విన్నాను?

అక్కకు మెసేజ్ పెట్టాను. "లిఫ్టు ఆఖరి సీను నాకు రావడం లేదు. నువ్వు చెయ్యాలి." చాలాసేపటికి జవాబొచ్చింది. "దేనితో చెయ్యాలి?"

"మీటలతో" అని పెట్టాను.



జూన్ 26

వచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ పడుకుంది. బెల్లు కొట్టకుండా తలుపు మీద గోటితో తట్టారు. బావ చెప్పులు విప్పుతూ, "నేను బయట కూర్చుంటాను. కొట్టుకుంటే పిలవండి" అన్నాడు.

అక్క నా గదిలోకి వచ్చి ఊడిపోయిన స్పాంజి వైపు చూసింది. "ఇంత దరిద్రంగా ఉంచుకున్నావేంటే" అంది, గుసగుసగా. గట్టిగా అనలేదు కాబట్టి గానీ, అనగలిగితే అనేదే.

"నువ్వొచ్చింది గోడలు చూడ్డానికా?"

"నా పేరు వెయ్యాలి."

"వేస్తారు. డైరెక్టర్‌తో చెప్పాను."

"నీ పేరుకంటే పైన."

"కింద."

"పైన."

"పక్కపక్కన. ఇష్టమైతే కూర్చో, లేకపోతే బావ బయటే ఉన్నాడు."

కూర్చుంది. మీటల పెట్టె దాని ముందుకు తోశాను. చూపించాను. ఇది తిప్పితే నోరు తెరుచుకున్నట్టు. ఇది నాలుక ముందుకీ వెనక్కీ. ఇది ముక్కు. ఈ అడుగున ఉన్నది గట్టిగానా మెల్లగానా.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

"దీనికా ఇంత డప్పు కొట్టుకుంటావ్?"

దాన్ని అక్కడే కుర్చీతో సహా బయటికి నెట్టాలనిపించింది. నెట్టలేదు. మోత పెట్టాను.

ముందు బాతు. నేను నవ్వాను. పెద్దగా, కావాలనే నవ్వాను. డబ్బింగ్ థియేటర్లో వాళ్ళు నవ్వినట్టే. అక్క పళ్ళు కొరికింది. మళ్ళీ తిప్పింది. ఈసారి తిప్పుతూ నోరు కూడా కదపడం మొదలుపెట్టింది. దాని నోరు ఎలా తెరుచుకుంటే చెయ్యి అలా తిరుగుతోంది. దానికి పట్టికలు అక్కర్లేదు, చెవి కూడా అక్కర్లేదు. నోట్లో ఏది ఎక్కడుందో దానికి తెలుసు, ఇన్నేళ్ళూ దానితోనే కదా బతికింది. నేను రోజుల తరబడి వెతుక్కున్న చోటుకి నా ముందే నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నాకు కుళ్ళొచ్చింది. రాసుకుంటున్నాను, నిజంగా కుళ్ళొచ్చింది.

"ఆ" అంది స్పీకరు.

అక్క చేతులు ఆగిపోయాయి. స్పీకరు వైపు చూసింది, చాలాసేపు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, చేతులు మీటల మీదే ఉన్నాయి. నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. ఏడుస్తుంటే చూస్తే చంపుతుంది.

తర్వాత నావైపు తిరిగింది. కళ్ళు చిన్నవి చేసి, గడ్డం పైకెత్తి, పెదాలు కదిపింది. దాని నోట్లోంచి ఏమీ రాలేదు.

"ఏయ్!" అంది స్పీకరు.

ఉలిక్కిపడ్డాను. నా చెయ్యి దానంతటదే నా గడ్డం మీదికి వెళ్ళింది. నేను గీసిన ఏయ్ కాదది. నాది దాని ముందు ఎందుకూ పనికిరాదు. ఇది నిజంగా నన్నే అంటోంది.

"సంఘంలో కాదన్నాను" అన్నాను. "అబద్ధం చెప్పాను."

అక్క తల ఊపింది, తెలుసన్నట్టు. మీట మెల్లగా తిప్పింది. ముక్కులోంచి, సాగదీస్తూ, వదలకుండా:

"ఆఁ?"

"తప్పే" అన్నాను. "తప్పేనే. కానీ నువ్వన్నది కూడా తప్పే."

అప్పుడు పక్క గదిలో మంచం కిర్రుమంది. అమ్మ లేచినట్టుంది. నిద్రమత్తులో అడిగింది.

"అక్క వచ్చిందా?"

అక్క చేతులు మీటల మీద ఆగాయి. నా మొహంలోకి చూస్తోంది, ఏం చెబుతానో అని.

"వచ్చిందమ్మా" అన్నాను.